కాంతవ్వ తాగని నీళ్ళు

ఆ రోజు పొద్దున వంటింట్లో బియ్యం కడిగి లేవు. బిందు స్టవ్ దగ్గరికి వచ్చేసరికి రోజూ గిన్నెలో బియ్యం నాని ఉండేవి, పక్కన పళ్ళెంలో కూరగాయలు తరిగి ఉండేవి. అది అత్త కాంతవ్వ పని. ఎవరూ చెప్పింది కాదు, ఎవరూ పంచింది కాదు. మామ ధర్మయ్య పోయాక సిరిసిల్ల నుంచి యూసుఫ్‌గూడలోని ఈ ఫ్లాటుకు వచ్చినప్పటి నుంచి తనంతట తానే అందుకున్న పని. కోడలు లేచేలోపు తన వంతు ముగించి, బాల్కనీలో కూర్చుని చాయ్ ఊదుకుంటూ ఉండేది. బిందు భర్త భానుచందర్ మాత్రం ఇంట్లో వంట దానంతట అదే అవుతుందని నమ్మే మనిషి. చెడ్డవాడు కాదు. అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్లో కంప్యూటర్ కోర్సులు చెప్తాడు. సాయంత్రం ఇంటికొచ్చి తల్లికీ భార్యకూ ఆ రోజు క్లాసులో ఎవరేమన్నారో, ఎవరికి ఉద్యోగం వచ్చిందో పూసగుచ్చినట్టు చెప్తాడు. వాళ్ళ రోజు ఎలా గడిచిందో అడగడం మాత్రం అతనికి ఎవరూ నేర్పలేదు.

బిందు బియ్యం డబ్బా మూత కూడా తీయకుండా అత్త గదిలోకి వెళ్ళింది. మే నెల ఉక్కలో కాంతవ్వ చెద్దరు మెడదాకా కప్పుకుని వణుకుతోంది. ఒళ్ళు కాలిపోతోంది. ఊపిరి పొట్టిపొట్టిగా, తొందరతొందరగా ఆడుతోంది. బిందును చూసి ఎప్పుడో చనిపోయిన తన అక్క పేరు పెట్టి పిలిచింది. అంతే, బిందు కోడలి నుంచి డాక్టరు అయిపోయింది. భానును లేపి కారు తీయమంది. పంజగుట్టలో తను పనిచేసే ఆసుపత్రికి ఫోన్ చేసి, తీసుకొస్తున్నది ఎవరినో చెప్పకుండా, వయసూ జబ్బు లక్షణాలూ మాత్రం చెప్పింది.

ఐసీయూలో బిందు చాలా ఏళ్ళుగా కన్సల్టెంటు. అయినా రౌండ్స్‌కు వెళ్తే రోగుల బంధువులు ఆమె చెప్పిందంతా విని, తల ఊపి, చివర్లో "పెద్ద డాక్టర్ ఎప్పుడొస్తడు సిస్టర్?" అని అడుగుతారు. మొదట్లో మనసు చివుక్కుమనేది. తర్వాత నవ్వేది. ఈ మధ్య నవ్వడం కూడా మానేసి, "పెద్ద డాక్టర్నే మాట్లాడుతున్న" అని చెప్పి తర్వాతి మంచం దగ్గరికి వెళ్ళిపోతోంది. ఆ మాట నేర్పింది కాంతవ్వే. ఒకరోజు బిందు ఈ సంగతి చెప్పుకుని విసుక్కుంటే, పప్పులో పోపు వేస్తూ, "గట్లనే చెప్పు మరి. నోరున్నది ఎందుకు?" అంది.

ఇప్పుడు ఆ కాంతవ్వే అదే ఐసీయూలో, కిటికీ పక్క మంచంమీద, ముక్కుకూ నోటికీ ఆక్సిజన్ మాస్కుతో ఉంది. మూత్రంలో మొదలైన ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకింది. బీపీ పడిపోయింది. యాంటీబయాటిక్ ఇచ్చారు, క్యాజువాలిటీలోనే ఒక సెలైన్ బాటిల్ ఎక్కించారు. అయినా బీపీ లేవలేదు.

సొంతవాళ్ళకు సొంతంగా వైద్యం చేయకూడదన్న పద్ధతి ప్రకారం కేసును యూనిట్ హెడ్ హనుమత్ప్రసాద్ తీసుకున్నారు. గుంటూరు వైపు మనిషి, మెత్తగా మాట్లాడతారు. ఫైలు చూసి, ఇంకో లీటరు ఎక్కిద్దామన్నారు.

వద్దంది బిందు. పోయినేడు కాంతవ్వకు గుండెపోటు వచ్చింది. అప్పటినుంచి గుండె బలం తగ్గింది. ఇలాంటి జబ్బులో సెలైన్ రెండువైపులా పదునున్న కత్తి. రక్తనాళాలు ఖాళీగా ఉండి, గుండెకు దాన్ని వాడుకునే శక్తి ఉంటే అదే ప్రాణం పోస్తుంది. శక్తి లేకపోతే ఆ నీరంతా ఊపిరితిత్తుల్లోకి చేరి, మనిషి మంచంమీదే మునిగిపోతుంది. పోయినేడు అలా మునగబోయిన కాంతవ్వను బిందు కళ్ళారా చూసింది.

"ఇంకో బాటిల్ ఆమె తట్టుకోలేదు సార్. బీపీ పెంచే మందు మొదలుపెడదాం," అంది.

"తట్టుకోలేదని ఎలా చెప్తున్నారమ్మా?"

"నాకు తెలుసు సార్. రోజూ చూసేది నేనే."

హనుమత్ప్రసాద్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఇవాళ మీరు కోడలు, బిందు గారూ. డాక్టర్ని నేను. కాసేపు బయట కూర్చోండి."

ఆయన కోపంగా అనలేదు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది. ఇదే మాట కొడుకుగా ఉన్న ఏ డాక్టరుతోనైనా అనేవారా అని ఒక్క క్షణం అనిపించింది బిందుకు. మరుక్షణమే, తను చెప్పిన కారణం కూడా డాక్టరు చెప్పే కారణం కాదని తెలిసింది. 'నాకు తెలుసు' అంది తను. జూనియర్లు ఎవరైనా ఆ మాట అంటే తనే ఊరుకునేది కాదు.

తలుపు దాకా వెళ్ళిన ఆమెను హనుమత్ప్రసాదే వెనక్కి పిలిచారు. "మీ జూనియర్లకి మీరేం చెప్తారు? ఊహించకండి, చూడండి అని కదూ? రండి, చూద్దాం. గుండె ఎకో మీరే పెట్టండి. ఈ యూనిట్లో మీ చెయ్యిని నమ్మినంతగా నేను ఎవరి చెయ్యినీ నమ్మను."

చూడటానికి ఉన్న దారి ఒకటే. వెంటిలేటర్ మీద ఉన్న రోగికైతే మిషన్ ఇచ్చే ఊపిరి ఒకే తీరున ఉంటుంది కాబట్టి, ఆ ఊపిరికి నాడి ఎంత ఊగుతుందో లెక్కకట్టి మానిటరే ఒక అంకె చూపిస్తుంది. తన ఊపిరి తనే తీసుకునే మనిషికి ఆ అంకె పనికిరాదు. ఒక ఊపిరి పొడుగు, ఒక ఊపిరి పొట్టి, మధ్యలో ఒక నిట్టూర్పు. అందుకని తలవైపు దించి కాళ్ళవైపు లేపుతారు. కాళ్ళలో ఉన్న రక్తం గుండెకు చేరుతుంది. బయటినుంచి చుక్క ఎక్కించకుండానే, మనిషి ఒంట్లోని రక్తంతోనే సెలైన్ పెట్టి చూసినట్టు. గుండె దాన్ని అందుకుని గట్టిగా తోస్తే ఎకోలో తెలిసిపోతుంది. తోయలేకపోతే కాళ్ళు మళ్ళీ దించేస్తారు, నష్టమేమీ లేదు.

నర్సు ఒలీవియా ముందుగా కాంతవ్వను కూర్చున్నట్టు ఆనించి ఉంచింది. బిందు ఆమె రొమ్ముకింద ప్రోబ్ ఆనించి, గుండె ఒక్కో స్పందనకు ఎంత రక్తం తోస్తోందో కొలిచింది. అత్త ఒంటిమీద ఇలా చెయ్యి పెట్టడం ఆమెకు అదే మొదటిసారి. ఇన్నేళ్ళలో తల దువ్వింది, కాళ్ళకు నూనె రాసింది, కానీ ఆ గుండె చప్పుడు ఎన్నడూ వినలేదు. ఒలీవియా మీట నొక్కింది. మంచం తలవైపు మెల్లగా దిగింది, కాళ్ళవైపు లేచింది.

"నా కాళ్ళేంది పైకి పోతున్నయి?" అని మాస్కులోంచి గొణిగింది కాంతవ్వ.

"నేనే అత్తమ్మ. జరసేపు."

"ఊ," అంది కాంతవ్వ, కోడలు ఉందంటే ఇంక తనకేం పని లేదన్నట్టు.

బిందు తెరమీద నుంచి కన్ను తిప్పలేదు. ఒక స్పందన, ఇంకో స్పందన. గుండె అందుకుంది. అందుకోవడమే కాదు, ముందుకంటే నాలుగో వంతు ఎక్కువగా తోసింది. అదే కావాలని అడుగుతున్నట్టు తోసింది. బిందు మళ్ళీ కొలిచింది. అంతే వచ్చింది. కాళ్ళు దించాక కొలిస్తే మళ్ళీ పాత లెక్కకే వచ్చింది.

తను పొరబడింది. ఆ పొరపాటు ఆమెకు ఎంత సంతోషాన్నిచ్చిందో చెప్పలేం. "ఇవ్వండి సార్," అంది. హనుమత్ప్రసాద్ గెలిచినట్టు ముఖం పెట్టలేదు. ఒక్కసారిగా లీటరు కాదు, కొంచెం కొంచెంగా ఇద్దాం, ప్రతిసారీ మళ్ళీ ఇలాగే చూసి ఇద్దాం అని తన మాటను తనే సవరించుకున్నారు. అలాగే చేశారు. మధ్యాహ్నం దాటాక ఒకసారి కాళ్ళు లేపితే గుండె ఏమీ పెంచలేదు. చాలు అన్నట్టే. అక్కడితో సెలైన్ ఆపి, బీపీ పెంచే మందు కొద్దిగా నడిపారు. మర్నాటికి కాంతవ్వ బిందును బిందు అనే పిలిచింది.

వెళ్ళేముందు హనుమత్ప్రసాద్ ఒక మాట అడిగారు. "ఇంతలా ఎండిపోయారేంటమ్మా ఈవిడ? ఇంట్లో నీళ్ళు తాగరా?"

బిందు తనకు తెలిసినవన్నీ లెక్కపెట్టుకుంది. బీపీ మాత్రలు ఎప్పుడు వేసుకుంటుందో తెలుసు, కూరలో ఉప్పు ఎంతో తెలుసు, ఏ మోకాలు ఎక్కువ నొస్తుందో తెలుసు. నీళ్ళు తాగుతుందో లేదో తెలియదు. పైగా సిరిసిల్లలో బట్టల షాపు నడిపే పెద్దబావ నరేందర్ పరుగున వచ్చి, తల్లి ఎలా ఉందో బిందును దాటి వెళ్ళి హనుమత్ప్రసాద్‌ను అడిగాడు. ఆయన, అది బిందు గారినే అడగండి అన్నారు. నరేందర్ ఆమె వైపు తిరిగి, ఇంట్లో డాక్టర్ ఉండి కూడా ఇంతదాకా ఎట్లా వచ్చిందన్నాడు. భానుచందర్ ఆ మాటకు అడ్డం చెప్పలేదు. తల్లి బాగుపడుతోందన్న సంతోషంలో అతనికి అది వినపడను కూడా లేదు.

ఆ సాయంత్రం కలిసే వేళకు ఒక ఆవిడ వచ్చింది. నడివయసు, చేతిలో స్టీలు టిఫిన్ డబ్బా, బ్లౌజుకు గుచ్చుకున్న సూది తీయడం మరిచిపోయినట్టుంది. కాంతక్క ఇక్కడే ఉందా అని ఒలీవియాను అడుగుతోంది. బిందు ఆవిడ దగ్గరికి వెళ్ళి, తను కాంతవ్వ కోడలినని చెప్పింది. ఆవిడ పేరు పోచమ్మ. అమీర్‌పేటలో చీరల షాపుల వెనక సందులో ఆమెది చిన్న పీకో, ఫాల్ కుట్టే దుకాణం.

"కాంతక్క రాలేదని ఫికరైంది. ఫోన్ చేస్తె ఎత్తుతలేదు. ఇంటికాడికి పోతె వాచ్‌మన్ ఈ దవాఖాన పేరు చెప్పిండు," అంది పోచమ్మ.

"ఎక్కడికి రాలేదని?"

పోచమ్మ కంగారుపడింది. "నీకు ఎర్కలేదా అమ్మా?"

మెల్లగా బయటపడింది. ఎల్లమ్మ గుడికి పోయొస్తానని ముందే చెప్పి ఉంచి, బిందు, భాను ఇల్లు దాటగానే కాంతవ్వ బయల్దేరేది. మెట్రో ఎక్కి అమీర్‌పేటలో దిగి, పోచమ్మ దుకాణంలో సాయంత్రం దాకా చీరలకు ఫాల్ కుట్టేది. ఎండాకాలం పెళ్ళిళ్ళు మొదలయ్యాక పని ఊపిరాడనిచ్చేది కాదు. రోడ్డు దాటాలంటే చెయ్యి పట్టుకోవాలని బిందు అనుకునే కాంతవ్వ, ఆ రద్దీలో ఒక్కతే వెళ్ళి వస్తోంది. మరి నీళ్ళు? అడిగింది బిందు. తాగదా?

"ఎట్ల తాగుతది? కాంప్లెక్స్‌ల బాత్రూం ఉన్నది గని తాళమేసి పెడ్తరు. మగోళ్ళు సందుల ఎక్కడనో నిలవడ్తరు. మేమేం చేస్తం? తాగుడే బంద్ పెట్టినం. పొద్దుగాల ఇంటికాడ ఒక్క గుక్క, మళ్ళ ఇంటికి పోయినంకనే."

పోచమ్మ వెళ్ళిపోయాక బిందు డ్యూటీ గదిలో కూర్చుంది. కూర్చున్నాకే తెలిసింది, పొద్దున్నుంచి తనూ బాత్రూంకు వెళ్ళలేదని. ఇది ఇవాళ్టి సంగతి కాదు. హౌస్ సర్జన్‌గా ఉన్న రోజుల్లో ఆడవాళ్ళకు విడిగా గది లేక డ్యూటీ అంతా అలాగే గడిపేది. అంతకుముందు స్కూల్లో తలుపులకు గడియల్లేక, ఇల్లు చేరేదాకా బిగబట్టుకునేది. బస్సెక్కే ముందు అమ్మ నీళ్ళ గ్లాసు చేతిలోంచి లాక్కునేది. తమతో ఇన్ని పుస్తకాలు చదివించారు, మూత్రపిండాల గురించి ఇన్ని పరీక్షలు పెట్టారు, దాహమైనా తాగకుండా ఉండే విద్య మాత్రం పుస్తకాల్లో లేదు. అది తల్లి నుంచి కూతురికి, అత్త నుంచి కోడలికి, మాట లేకుండానే వస్తుంది. పెళ్ళి ప్రయాణమైనా, ఆఫీసైనా, పొలమైనా, దుకాణమైనా బయటికి అడుగు పెట్టే ముందు ఒక ఆడది చేసే మొదటి లెక్క అది: ఎంత తాగితే ఎంతసేపు ఆగగలను. ఈ లెక్క ఎవరికీ కనిపించదు. రోజూ పక్కన పడుకునే మనిషికి కూడా కనిపించదు. ఆఖరికి ఐసీయూలో ఒక గుండె నోరు తెరిచి నాలుగో వంతు ఎక్కువ అడిగితే తప్ప, ఒక ఆడమనిషి దాహంగా ఉందని ఎవరికీ తెలియలేదు. తనకు కూడా.

వార్డుకు మార్చిన రోజు కాంతవ్వ దిండుకు ఆనుకుని ఇడ్లీ తింటోంది. బిందు మంచం అంచున కూర్చుని గ్లాసులో నీళ్ళు పోసి అందించింది.

"నువ్వు పోయేది ఎల్లమ్మ గుడికి కాదు గదా అత్తమ్మ."

కాంతవ్వ నమలడం ఆపింది. "గుడికి సుత పోయిన బిడ్డా. పోంగ పోంగ దండం పెట్టుకున్న."

బిందుకు నవ్వు ఆగలేదు. కాంతవ్వ కూడా నవ్వి, దగ్గు వచ్చి ఆగింది. ఎందుకు చెప్పలేదని బిందు అడిగింది. నేను వద్దంటానా అంది.

"అంటవు. నా మీద పాణంతోనే అంటవు. నీ గుండెకు బలం లేదు, నీ మోకాళ్ళు బాగలేవు, కూసో అంటవు. కోపంతోని వద్దంటె ఎదురు చెప్పొచ్చు. ప్రేమతోని వద్దంటె ఏం చెప్తం?" ఆమె గ్లాసులోకి చూసింది. "మీరు పోయినంక ఆ ఇంట్ల గోడలతోని మాట్లాడుకుంట కూసున్న చానా రోజులు. చేతులు ఊకుంటలేవు బిందూ. గంతే."

తను మంచం పక్కన నిలబడి 'నాకు తెలుసు, తట్టుకోలేదు' అన్న గొంతు బిందుకు వినిపించింది. ఇంట్లో ఎన్నిసార్లు ఎంత మెత్తగా అదే గొంతుతో మాట్లాడిందో.

"నన్నంటున్నవు గని," అంది కాంతవ్వ, "పొద్దుగాల నీ సీసల నీళ్ళు నింపి ఇస్త. పొద్దుగూకి అట్లనే వాపస్ తెస్తవు. నేను చూస్తలేనా?"

బిందు అదే గ్లాసులో నీళ్ళు పోసుకుని తాగింది.

డిశ్చార్జి చెప్పిన రోజు అన్నదమ్ములిద్దరూ మంచం కాళ్ళ దగ్గర నిలబడి మాట్లాడుకున్నారు. కుట్టుపని సంగతి అప్పటికి ఇద్దరికీ తెలిసింది. ఇంక సిరిసిల్ల తీసుకుపోతానన్నాడు నరేందర్. వద్దు అన్నా, ఇక్కడే ఉంటుంది, ఇక ఇల్లు దాటనివ్వం, బిందు సెలవు పెట్టి దగ్గర ఉండి చూసుకుంటుంది అన్నాడు భాను. మంచంమీద కాంతవ్వ ఆ మాటలు వేరే ఎవరి గురించో అన్నట్టు కిటికీలోంచి బయటికి చూస్తోంది.

"నేను సెలవు పెట్ట," అంది బిందు.

భాను తిరిగి చూశాడు.

"నువ్వు పెట్టు భాను. నీ క్లాసులు ఇంకొకరు చెప్తరు. మాత్రలు ఎప్పుడెప్పుడు ఇయ్యాల్నో నేను చెప్త. వంట అత్తమ్మ కూసుండి చెప్తది. ఇల్లు దాటాల్నా వద్దా అనేది కూడా ఆమెనే అడుగుదాం. ఇక్కడనే ఉన్నది గదా."

నరేందర్ ఏదో అనబోయాడు. కాంతవ్వ కిటికీ మీంచి చూపు తిప్పి, తను సిరిసిల్ల రానంది. చిన్నగానే అయినా తేల్చి చెప్పింది కాబట్టి అతను రెండోసారి అడగలేకపోయాడు.

తల్లి తనకెందుకు చెప్పలేదని ఇంటికి వస్తూ కారులో భాను చాలాసేపు బాధపడ్డాడు. పోచమ్మ దుకాణం ఉన్న సందు మొదట్లోనే అతను రోజూ సాయంత్రం చాయ్ తాగుతాడు. చెప్తే పోనిచ్చేవాడివా అని బిందు అడిగింది. అయినా అతను సెలవు పెట్టాడు. మొదటి రోజు అన్నం గంజిలా అయింది. రెండో రోజు కూర మాడింది. కాంతవ్వ రెండూ తిన్నది, బాగున్నాయని అబద్ధం చెప్పకుండానే. కొన్నాళ్ళకు, పప్పు ఉడుకుతుంటే దగ్గర నిలబడాలని, నిలబడితే వేరే పని కాదని, అయినా ఆ నిలబడటాన్ని ఎవరూ పనిగా లెక్కపెట్టరని అతనే ఒకరోజు కనిపెట్టినట్టుగా చెప్పాడు. అత్తాకోడళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వు ఆపుకున్నారు. నేర్చుకునేవాణ్ణి మధ్యలో ఆపడమెందుకు.

కాంప్లెక్సు మేనేజరు దుర్గేష్ దగ్గరికి కూడా అతనే వెళ్ళాడు. దుర్గేష్ మర్యాదగానే మాట్లాడి, ఈ సంగతి తనను ఎవరూ అడగలేదన్నాడు, బాత్రూం కడిగించి ఇంకో తాళంచెవి చేయించి ఇచ్చాడు. పోచమ్మ ఆ తాళంచెవిని చూసి, మేం ఎన్నిసార్లు అడిగినమో ఆయనకే ఎరుక అంది. బిందుకు సంతోషమూ చిరాకూ కలిసి వచ్చాయి. ఇంతమంది ఆడవాళ్ళు అడిగింది వినపడని చెవికి, ఒక సారు వెళ్ళి అడిగితే ఎలా వినపడిందో. అయినా తాళంచెవి తాళంచెవే. తనూ ఐసీయూలో రౌండ్స్ మధ్యలో ఇప్పుడే వస్తానని చెప్పి బాత్రూంకు వెళ్తోంది, సారీ అనకుండా.

వానలు మొదలయ్యాక కాంతవ్వ మళ్ళీ బయల్దేరింది. ఒక్క పూట పనే చేస్తానని తనే ఒప్పుకుంది. ఉతికిన చీర కట్టుకుని, కళ్ళజోడు సంచిలో వేసుకుని చెప్పులు తొడుక్కుంటోంది. భాను చేతిలో గరిటెతోనే హాల్లోకి వచ్చాడు. ఇంకా ఏదో నమలలేక మింగలేక ఉన్నట్టున్నాడు.

"పోతె పో అమ్మా, నేనేమన్న. గని మన సిరిసిల్లోళ్ళు ఎవరన్న అక్కడ చూస్తె? డాక్టర్ అత్త దుకాణంల ఫాల్ కుడుతుందా అని అడిగితె నేనేం చెప్పాలె?"

బిందు దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఆమె దాన్ని అక్కడే ఆపుకుని, అత్త వైపు చూస్తూ ఊరుకుంది.

కాంతవ్వ రెండో చెప్పు కూడా తొడుక్కుని నిలబడింది.

"డాక్టర్ అత్త కుడుతలేదు బిడ్డా," అంది. "కాంతవ్వ కుడుతుందని చెప్పు."